ఊరి కచేరీకి కంప్యూటరు వచ్చిన విధము

దేశమును పాలించు ప్రభుత్వము ఢిల్లీలో ఉండవచ్చును, రాష్ట్రమును పాలించు ప్రభుత్వము రాజధానిలో ఉండవచ్చును. కాని సామాన్యుడు ప్రభుత్వమును ఎదురుగా చూచునది తన ఊరి పంచాయతీ కార్యాలయములో, లేదా తన పట్టణపు పురపాలక సంఘము కిటికీ ముందర. వీధిదీపము వెలుగకున్నను, కుళాయిలో నీరు రాకున్నను, ఇంటిపన్ను ఎక్కువ పడినను అతడు పోవలసినది అక్కడికే. బిడ్డ పుట్టినప్పుడు పేరెక్కవలసినది అక్కడి చిట్టాలోనే. మనిషి పోయినప్పుడు ఆ సంగతి వ్రాయవలసినదియు అక్కడనే.

ఈ కచేరీలలోనికి కంప్యూటరు ప్రవేశించి ఇంచుమించు మూడు దశాబ్దములైనది. "కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని మన పెద్దలు చెప్పిరి కనుక, కొత్త యంత్రము వచ్చుటలో ఆశ్చర్యము లేదు. ఆశ్చర్యమేమనగా, ఒకచోట ఆ యంత్రము వేళ్లూని నిలిచినది. మరియొకచోట అటువంటిదే కొన్ని సంవత్సరములలో దుమ్ముపట్టి మూలకు చేరినది. యంత్రము ఒక్కటే, విద్యుచ్ఛక్తి ఒక్కటే, ఉద్యోగుల చదువు ఇంచుమించు ఒక్కటే. ఐనను ఫలము వేరైనది. ఈ భేదమునకు కారణమేమని విచారించిన, యంత్రములను గూర్చి కంటె మన కచేరీలను గూర్చియు, అందలి చిట్టాలను గూర్చియు ఎక్కువ తెలియును. ఆ విచారమునకు జనన మరణముల చిట్టా మంచి ఆధారము. ఏలయనగా, ప్రతి కుటుంబమునకును దానితో ఎప్పుడో ఒకప్పుడు పనిపడక తప్పదు.

చిట్టా ఎవరిది?

జనన మరణముల నమోదునకు దేశమంతటికిని వర్తించు చట్టము 1969వ సంవత్సరమున ఏర్పడినది. బిడ్డ పుట్టిన 21 దినములలోపల ఆ వార్తను రిజిస్ట్రారునకు తెలుపవలెను. గ్రామములో పంచాయతీ కార్యదర్శి, పట్టణములో పురపాలక సంఘపు అధికారి ఆ పని చూతురు. గడువు దాటినను 30 దినములలోపలనైన ఆలస్య రుసుముతో నమోదు కాగలదు. అటుపిమ్మట సంవత్సరములోపల వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. సంవత్సరము దాటెనా, మేజిస్ట్రేటు ఉత్తరువు తేవలెను.

చట్టము ఇంత స్పష్టముగా ఉన్నను పల్లెలలో దానిని తలచినవారు చాలకాలము వరకు తక్కువే. బిడ్డను బడిలో వేయునాడు పంతులుగారు "ఎప్పుడు పుట్టినాడమ్మా?" అని అడుగును. "పెద్ద గాలివాన వచ్చిన యేడు, సంక్రాంతికి ముందర" అని తల్లి చెప్పును. పంతులుగారు వ్రేళ్లు మడచి లెక్కవేసి, బడి తెరచునాటికి వయస్సు నిండునట్లు జూన్ నెలలోనో జూలై నెలలోనో ఒక తేదీ వేయును. ఆ తేదీయే పదవ తరగతి ధ్రువపత్రమున కెక్కును. ఉద్యోగమునకును, పదవీ విరమణమునకును అదియే ప్రమాణమగును. తెలుగునాట జూన్, జూలై మాసములలో పుట్టిన పెద్దలు అంతమంది ఉండుటకు కారణము గ్రహస్థితి కాదు, పంతులుగారి కలము.

కచేరీలో చిట్టా లేకపోలేదు. ఉన్నది, కాని కావలసిననాడు దొరకదు. ఏ బీరువాలో ఏ కట్ట ఉన్నదో, ఏ కట్టలో ఏ సంవత్సరపు పుస్తకమున్నదో గుమాస్తాకు తెలియును, మరియొకరికి తెలియదు. ఆయన సెలవులో నున్న పౌరుడు తిరిగిపోవలసినదే. ఈ తెలివియే ఒక అధికారము. గ్రామములలో కరణముగారి పలుకుబడికి మూలము ఇదియే. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబు పదవులను రద్దుచేసినప్పుడు పదవులు ఒక్కదినమున పోయినవి గాని, లెక్కల తెలివి అంత సులభముగా చేతులు మారలేదు. ఊరి కచేరీకి కంప్యూటరును తెచ్చుట యనగా, ఒకరి జ్ఞాపకములో నున్న దానిని అందరి కంటికి కనబడునట్లు చేయుట. అందుచేతనే అది యంత్రమునకు సంబంధించిన పని మాత్రమే కాలేదు.

వెనుక గదినుండి ముందు గదికి

1976లో కేంద్రప్రభుత్వము జాతీయ సమాచార కేంద్రమును స్థాపించినది. తరువాతి కాలమున జిల్లా కేంద్రములకు కంప్యూటర్లు చేరినవి. ఐతే ఆనాటి యంత్రములు కచేరీ వెనుక గదిలోనే ఉండెడివి. జీతముల పట్టికలు, లెక్కల మొత్తములు వేయుటకు అవి ఉపయోగపడెడివి. వానిని సామాన్యుడు చూచినది లేదు. వానివలన అతనికి కలిగిన మేలు తెలిసినదియు లేదు.

1993లో రాజ్యాంగపు 73వ, 74వ సవరణలు అమలునకు వచ్చినవి. పంచాయతీలకును పురపాలక సంఘములకును ఎన్నికలు నియమబద్ధములైనవి, బాధ్యతలు పెరిగినవి. బాధ్యత పెరుగగా కాగితము పెరిగినది. కాగితము పెరుగగా కిటికీ ముందర బారులు పెరిగినవి. ఆ భారమే కొత్త యంత్రమునకు తలుపు తెరచినది.

తెలుగునాట ఈ మార్పు ప్రజల కంటబడినది రిజిస్ట్రేషను కచేరీలలో. 1998లో ఆ శాఖ దస్తావేజుల నమోదును కంప్యూటర్లకు ఎక్కించినది. అది రాష్ట్రప్రభుత్వపు శాఖయే గాని స్థానిక సంస్థ కాదు. ఐనను, పాత సంపుటములు వెదకి దినముల తరబడి వేచియుండి తెచ్చుకొను పత్రము కొలది నిమిషములలో చేతికి వచ్చునని మొదట చూపినది అదియే. 1999లో హైదరాబాదులో "ట్విన్స్" అను ప్రయోగము మొదలైనది. దానిని విస్తరించి 2001లో "ఈ-సేవ" కేంద్రములను తెరచిరి. విద్యుత్తు బిల్లు, నీటి బిల్లు, ఆస్తిపన్ను అన్నియు ఒకే కిటికీలో కట్టుటకు వీలైనది. జనన మరణ ధ్రువపత్రములును అక్కడనే లభించినవి. ఏ కిటికీకి పోయినను ఏ పనియైనను జరుగును. వినుటకు ఇది చిన్న మార్పు. కాని "ఇది నా పని కాదు, పక్క బల్లకు పొమ్ము" అను మాటకు అక్కడ చోటు లేకపోయినది.

విశాఖలో జరిగిన పని

స్థానిక సంస్థ తానై పూనుకొని చేసినవానిలో విశాఖపట్టణ నగరపాలక సంస్థ "సౌకర్యం" అను పేరుతో ప్రారంభించిన పథకము చెప్పుకోదగినది. 2000, 2001 ప్రాంతమున అది రూపుదాల్చినది. పన్ను ఎంత బాకీ యున్నదో ఇంటినుండియే చూచుకొనవచ్చును. బ్యాంకు శాఖలను నగరపాలక సంస్థతో కలిపినందున అక్కడనే కట్టవచ్చును. ఫిర్యాదు ఇచ్చినవానికి ఒక సంఖ్య ఇత్తురు. ఆ సంఖ్యతో తన ఫిర్యాదు ఏ అధికారి వద్ద నున్నదో అతడు తెలిసికొనవచ్చును. ఇంటి నమూనా అనుమతికై పెట్టిన దరఖాస్తు ఎంతవరకు నడచినదో అదే విధముగా చూడవచ్చును.

వీనిలో ఎక్కువ విలువైనది ఆసుపత్రులను కలుపుట. బిడ్డ పుట్టినది ఆసుపత్రిలో, వ్రాయవలసినది కచేరీలో. ఈ రెంటి నడుమ కాగితము నడచివచ్చు కాలములో తండ్రి పేరు తప్పుపడుట, తేదీ మారుట, ఒక్కొక్కప్పుడు కాగితమే చేరకపోవుట కలదు. సంఘటన జరిగినచోటనే దానిని నమోదు చేయు ఏర్పాటు చేసిన, నడుమనున్న చేతులు తగ్గును. చేతులు తగ్గిన తప్పులు తగ్గును. విశాఖవారు పాత పనినే వేగముగా చేయించి ఊరకుండలేదు. పని నడచు త్రోవనే మార్చిరి. కంప్యూటరు మేలు చేసినచోట్ల చాలవరకు జరిగినది ఇదియే. పాత త్రోవలోనే కొత్త బండిని తోలినచోట్ల ఫలము స్వల్పము.

ఇట్టి తొలి ప్రయత్నములలో ఒక లోపమును కలదు. అవి సాధారణముగా ఒక ఉత్సాహవంతుడైన అధికారి పూనికతో పుట్టును. మన దేశమున కలెక్టరుగాని, కమిషనరుగాని ఒకచోట చిరకాలముండరు. ఆయన బదిలీ ఐనపిమ్మట వచ్చినవారికి ఆ పథకముపై అదే మమకారము ఉండవలెనను నియమము లేదు. అందుచేత, పథకము వ్యక్తినుండి వ్యవస్థకు మారినదా లేదా యనునదే దాని ఆయుర్దాయమును నిర్ణయించును.

రెండు జిల్లాల కథ

ఈ సంగతికి రెండు జిల్లాల అనుభవము నిదర్శనము. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో 2000 జనవరిలో "జ్ఞానదూత్" అను పథకము మొదలైనది. పల్లెలలో కంప్యూటరు కేంద్రములు నెలకొల్పి, టెలిఫోను తీగెల ద్వారా జిల్లా కేంద్రముతో కలిపిరి. పంచాయతీలు స్వయముగా ధనమిచ్చినవి. రైతులు సంతలో ధరలు తెలిసికొనుట, దరఖాస్తులు పెట్టుట, ఫిర్యాదులు పంపుట అక్కడ జరిగెడివి. ఆ సంవత్సరమే దానికి స్టాక్‌హోములో అంతర్జాతీయ బహుమానము లభించినది. కాని కొన్ని యేండ్లలోనే అది సన్నగిల్లినది. విద్యుత్తు ఎప్పుడు పోవునో తెలియదు. టెలిఫోను తీగె తరచుగా తెగును. అంతకంటె ముఖ్యముగా, కేంద్రమునుండి ఫిర్యాదు వేగముగా పోయినను, దానికి జవాబిచ్చు కచేరీ పాత నడకనే నడచినది. ఉత్తరము రెక్కలు కట్టుకొని పోయినది, జవాబు కాలినడకన కూడ రాలేదు. రెండుమారులు పోయి నిరాశ చెందిన రైతు మూడవమారు పోలేదు.

మన పశ్చిమగోదావరి జిల్లాలో 2002లో ఈ-సేవను పల్లెలకు తీసికొనిపోయిరి. ఆ జిల్లాలో అప్పుడు 46 మండలములుండెడివి. అక్కడ చేసిన విశేషమేమనగా, కేంద్రములను నడుపు బాధ్యతను స్త్రీల స్వయంసహాయక సంఘములకు అప్పగించుట. పొదుపు సంఘములలో లెక్కలు వ్రాసి చేతిపట్టు సంపాదించిన స్త్రీలు కంప్యూటరు ముందు కూర్చుండిరి. విద్యుత్తు బిల్లు వంటి నెలనెలా తప్పని పని అక్కడ జరిగినందున కేంద్రమునకు మనుష్యులు వచ్చుచుండిరి. చేసిన పనికి కొంత రుసుము సంఘమునకు చెందెడిది. యంత్రము చెడిన, తీగె తెగిన ఆ నష్టము తమదే కనుక బాగుచేయించు ఆతురత వారికి ఉండెడిది.

ఈ రెండు కథలనుబట్టి ఒక సూత్రము తేలుచున్నది. ప్రజలకు మాటిమాటికి పనిపడు సంగతిని పట్టుకొన్న యంత్రము నిలుచును. ఎప్పుడో ఒకసారి పనికివచ్చు దానిని మాత్రమే నమ్ముకొన్నది నిలువదు. దానిని నడుపువానికి దానివలన జీవనము, గౌరవము లభింపవలెను. దాని వెనుకనున్న కచేరీ జవాబు చెప్పవలెను.

కేరళము ఎన్నుకొన్న త్రోవ

వ్యక్తినుండి వ్యవస్థకు మారుట ఎట్లో కేరళము చూపినది. 1996లో ఆ రాష్ట్రము ప్రజాప్రణాళిక యను పేరుతో ధనమును, అధికారమును పంచాయతీలకు విరివిగా అప్పగించినది. ధనము వచ్చినపిమ్మట లెక్క చెప్పవలెను. లెక్క చెప్పుటకు సాధనము కావలెను. 1999లో "ఇన్ఫర్మేషన్ కేరళ మిషన్" అను సంస్థ ఏర్పడినది. అన్ని స్థానిక సంస్థలకు ఒకే విధమైన పనిముట్లను తయారుచేయుట దాని కర్తవ్యము. జనన మరణ వివాహముల నమోదునకు "సేవన", లెక్కలకు "సాంఖ్య", పన్నులకు "సంచయ", ప్రణాళికకు "సులేఖ" అను పేర్లు పెట్టిరి. ఈ పేర్లు సంస్కృతమూలములు; పంచాయతీ ఉద్యోగికి నోరు తిరుగనివి కావు.

అక్కడ పని వేగముగా జరిగినదని చెప్పుటకు వీలులేదు. 941 గ్రామపంచాయతీలు గల రాష్ట్రమున ఒక్కొక్క పంచాయతీకి యంత్రము పంపి, మనిషికి శిక్షణ ఇచ్చి, సాంకేతిక సహాయకుని తోడిచ్చి, పాత చిట్టాలను పుట పుటగా ఎక్కించుటకు యేండ్లు పట్టినది. కాని ఆ యేండ్లలో పునాది గట్టిపడినది. 2024 జనవరి 1న పట్టణములలో "కె-స్మార్ట్" అను కొత్త ఏర్పాటును ప్రవేశపెట్టి, 2025 ఏప్రిలులో పంచాయతీలకు విస్తరింపగలిగిరన్న, దానికి వెనుక పాతికేండ్ల చిట్టాల పని కలదు. మేడపై అంతస్తును చూచి మెచ్చుకొనువారికి క్రింది రాళ్లు కనబడవు.

ధనము, నియమము, చట్టము

అన్ని స్థానిక సంస్థలును ఉత్సాహముచేతనే యంత్రమును స్వీకరింపలేదు. కొన్నిటిని ధనము కదలించినది. 2005 డిసెంబరులో కేంద్రప్రభుత్వము జవహర్‌లాల్ నెహ్రూ పేర నగర నవీకరణ పథకమును ప్రారంభించినది. హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడ నగరములును అందులో చేరినవి. నిధులు కావలెనన్న కొన్ని సంస్కరణలు చేసితీరవలెనని నియమము పెట్టిరి. కంప్యూటరు పాలన, జంట పద్దు లెక్కలు వానిలోనివి. తరువాత 15వ ఆర్థిక సంఘము 2021నుండి స్థానిక సంస్థల గ్రాంటులకు మరియొక షరతు పెట్టినది. లెక్కలను అందరును చూచునట్లు అంతర్జాలమున ఉంచవలెను. గ్రామపంచాయతీల లెక్కలకై 2020 ఏప్రిల్ 24న "ఈ-గ్రామ్‌స్వరాజ్" ఏర్పాటు వచ్చినది. అంతకుముందు 2011లోనే ఇంచుమించు రెండున్నర లక్షల గ్రామపంచాయతీలకు గాజుతీగె వేయు పథకమునకు అనుమతి లభించినది.

నిధుల షరతు బలమైనది, కాని అది ఏనుగును అంకుశముతో నడిపించుట వంటిది. అంకుశము తీసిన ఏనుగు ఆగవచ్చును. షరతుకై పెట్టిన కంప్యూటరులో షరతుకు కావలసిన అంకెలు మాత్రమే ఎక్కును. అసలు పని పాత పుస్తకములో జరుగుచుండును. ఉద్యోగి ఒకే సంగతిని ముందు పుస్తకములోను, పిమ్మట యంత్రములోను వ్రాయవలసివచ్చును. యంత్రము అతని భారమును తగ్గించుటకు మారుగా రెండింతలు చేసినట్లగును. అట్టి ఉద్యోగి కొత్తదానిని తిట్టుకొనిన, తప్పు అతనిది కాదు. రెండవ పుస్తకమును మూయు ధైర్యము పైవారికి లేకపోవుటయే తప్పు.

మరికొన్నిచోట్ల చట్టము ముందు నడచినది. తెలంగాణలో 2020లో ఇంటి అనుమతులకై కొత్త చట్టము వచ్చినది. 75 చదరపు గజములలోపు స్థలములో ఏడు మీటర్ల ఎత్తువరకు ఇల్లు కట్టుకొనువారికి అనుమతితో పనిలేదు. నమోదు చేసికొన్న చాలును. అంతకు మించినవానిలో పెద్ద కట్టడములకు 21 దినముల గడువు విధించిరి. ఆ గడువులోపల కచేరీ ఏ సంగతియు చెప్పకున్న అనుమతి ఇచ్చినట్లే. ఇక్కడ కంప్యూటరు చేసినది దినములు లెక్కించుట మాత్రమే. లెక్క తప్పినవాడు ఓడిపోవునని చెప్పినది చట్టము. చట్టము లేని గడియారము ఎంత చక్కగా నడచినను ఎవరును దానికి భయపడరు.

పేరు వ్రాయుటలో చిక్కు

తెలుగువారికి ఈ విషయములో ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. అది లిపికి సంబంధించినది. యూనికోడ్ అను సర్వభాషా సంకేతపద్ధతిలో తెలుగునకు 1991లోనే స్థానము లభించినది. ఐనను కచేరీలలో చాలకాలము ఎవరి అక్షరరూపము వారిదే. ఒక యంత్రములో అచ్చుకొట్టిన తెలుగు మరియొక యంత్రములో గీతలుగా కనబడెడిది. ఈ బాధ పడలేక పేర్లను ఆంగ్లలిపిలో ఎక్కించిరి.

అక్కడ మరియొక బాధ పుట్టినది. లక్ష్మి యను పేరులోని "క్ష"కు ఒకరు మూడు ఆంగ్లాక్షరములు వాడుదురు, మరియొకరు ఒక్క అక్షరముతో సరిపెట్టుదురు. సీత లోని "త"కు ఒకరు ఒక అక్షరము, వేరొకరు రెండు వ్రాయుదురు. ఇంటిపేరును ఒకచోట ముందు వ్రాయుదురు, ఒకచోట వెనుక. ఒకచోట పూర్తిగా, మరొకచోట పొడి అక్షరముగా. మనిషి చదివిన ఇవన్నియు ఒకరే యని గ్రహించును. యంత్రము గ్రహింపదు. జనన ధ్రువపత్రములోని లక్ష్మి వేరు, బడి చిట్టాలోని లక్ష్మి వేరు, ఆధారులోని లక్ష్మి వేరు అని అది నిర్ణయించును. ఆ ముగ్గురును ఒకరేయని నిరూపించుకొనుటకు ఆమె ఎన్నిమార్లు కచేరీ మెట్లెక్కవలెనో! తండ్రి నోట తెలుగులో విన్న పేరును తెలుగులోనే మొదట వ్రాసి, పిమ్మట ఒకే నియమము ననుసరించి ఆంగ్లలిపికి మార్చుట అలవాటు చేసికొన్నచో ఈ బాధ చాలవరకు తీరును. భాషను గూర్చిన శ్రద్ధ పాలనకు అక్కరలేని అలంకారమని తలచుట ఎంత పొరపాటో ఈ ఒక్క సంగతి చెప్పుచున్నది.

అతివేగపు అనర్థము

2011 నవంబరులో "మీసేవ" మొదలైనది. అధికారి డిజిటల్ సంతకము చేసిన ధ్రువపత్రమును ఏ కేంద్రములోనైనను పొందవచ్చును. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయములు ప్రారంభమైనవి. వాని సంఖ్య 15,004. 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా 161 సేవలతో "మన మిత్ర" వచ్చినది. నాడు వెనుక గదిలోనున్న యంత్రము ముందు గదికి, వీధికి వచ్చి, తుదకు పౌరుని అరచేతిలోనికి చేరినది.

చేరినంతమాత్రమున అన్నియు చక్కబడినవని తలపరాదు. హైదరాబాదు మహానగరపాలక సంస్థ పరిధిలో సరియైన ఆధారములు లేకయే మీసేవ కేంద్రముల ద్వారా పొందిన జనన మరణ ధ్రువపత్రములు ఇరవైవేలకు పైగా ఉన్నవని 2023లో వెల్లడియైనది. వానిని రద్దుచేయవలసివచ్చినది. దరఖాస్తు పెట్టిన తక్షణమే పత్రము వచ్చునట్లు యంత్రములో చేసిన ఏర్పాటును కొందరు దుర్వినియోగము చేసిరి. జతపరచిన కాగితమును చదువు కన్ను లేనప్పుడు, ఆ కాగితము ఏదైన నేమి? జాప్యము దోషమే. కాని పరిశీలనను తొలగించి జాప్యమును తొలగించితిమనుకొనుట, కావలివానిని పంపివేసి ఇంటి తలుపు త్వరగా తెరచుకొనుచున్నదని సంతోషించుట వంటిది. పాత గుమాస్తా ఆలస్యము చేసెడివాడు. ఐనను ఒకమారు చూచెడివాడు. ఆ చూపును నిలుపుకొని ఆలస్యమును మాత్రమే పోగొట్టవలెను.

బడికి వచ్చు బిడ్డ

ఈ విషయము ఇప్పుడు మరింత ముఖ్యమైనది. జనన మరణముల చట్టమును 2023లో సవరించిరి. 2023 అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారికి విద్యాసంస్థలలో ప్రవేశమునకు, ఓటర్ల పట్టికకు, వాహనము నడుపు అనుమతికి, వివాహ నమోదునకు, ప్రభుత్వోద్యోగమునకు పుట్టిన తేదీని, స్థలమును నిరూపించుటకు జనన ధ్రువపత్రమే ఆధారము. ఆ దినమున పుట్టిన శిశువులు 2029 ప్రాంతమున ఒకటవ తరగతి వాకిట నిలుతురు. వారి వయస్సును ఇక పంతులుగారి కలము నిర్ణయింపదు. కచేరీలోని యంత్రము నిర్ణయించును.

ఆసుపత్రిలో పుట్టి ఆనాడే నమోదైన బిడ్డకు ఇది వరము. మన్యపు గూడెములో ఇంటివద్ద పుట్టి, సెల్లుఫోను సంకేతమందని చోట పెరిగి, సంవత్సరము దాటినను చిట్టాకెక్కని బిడ్డ మాటేమి? ఇటుక బట్టీలకై, కోతలకై ఊరూరు తిరుగు తల్లిదండ్రులకు దారిలో పుట్టిన బిడ్డ మాటేమి? వయస్సునకు ఆధారము లేదని ఏ బిడ్డకును బడిలో ప్రవేశము నిరాకరింపరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. ఒక చట్టము కాగితమడుగుచున్నది. మరియొక చట్టము కాగితము లేకున్నను చేర్చుకొమ్మనుచున్నది. ఈ రెంటిని కలిపి నడువవలసినవాడు ఉపాధ్యాయుడు. బిడ్డను ముందు బడిలో చేర్చుకొని, పిమ్మట చిట్టాకెక్కించుటకు తోడుపడుటయే ధర్మము.

ఆ తోడ్పాటు పెద్ద పని కాదు. అంగన్‌వాడీలోను బడిలోను ఉన్న పిల్లలలో ధ్రువపత్రము లేనివారెవరో ఏటేట గుర్తించి పంచాయతీకి తెలుపవచ్చును. పై తరగతుల విద్యార్థులచేత వారి జనన పత్రములను, బడి చిట్టాలోని పేరును పక్కపక్కన పెట్టి చదివింపవచ్చును. అక్షరదోషము చిన్ననాడే కనబడిన దిద్దుట సులభము. ఉద్యోగపు వాకిట కనబడిన కష్టము. పంచాయతీ లెక్కలను తెరపై చూచి, తమ వీధికి ఈ యేడు ఎంత వ్రాసిరో విద్యార్థులచేత చదివింపవచ్చును. పౌరనీతి పాఠమునకు అంతకంటె మంచి ఉదాహరణము లభింపదు.

కచేరీకి కంప్యూటరును ఉత్తరువు తేగలదు, నిధి కొనగలదు, అధికారి ప్రారంభింపగలడు. కాని అందులో ఎక్కవలసిన మొదటి అక్షరము ఒక మనిషి మరియొక మనిషిని అడిగి, విని, సరిగా వ్రాసినదే కావలెను. ఆ అక్షరము సరియైనదైన యంత్రము దానిని నూరేండ్లు కాపాడును. తప్పైన, ఆ తప్పును సయితము అంతే శ్రద్ధతో కాపాడును.